దారులు కలపని ఊళ్ళు: గ్రీన్‌లాండ్ భూమి, ప్రజలు, రాకపోకలు

పాఠశాలల గోడలకు వేలాడే ప్రపంచ పటంలో గ్రీన్‌లాండ్ ఇంచుమించు ఆఫ్రికా ఖండమంత కనిపిస్తుంది. 1569లో గెరార్డస్ మెర్కేటర్ నావికుల సౌకర్యం కోసం రూపొందించిన పటంలో దిక్కుల కోణాలు చెదరకుండా ఉండటానికి ధ్రువాల సమీపంలోని భూభాగాలను విపరీతంగా సాగదీసి చూపవలసి వచ్చింది. ఆ పద్ధతినే నేటికీ అనేక పటాలు అనుసరిస్తున్నందువల్ల ఈ భ్రమ కొనసాగుతున్నది. నిజానికి ఆఫ్రికా గ్రీన్‌లాండ్‌కు సుమారు పద్నాలుగు రెట్లు పెద్దది. అయినా 21,66,000 చదరపు కిలోమీటర్ల విస్తీర్ణంతో, భారతదేశంలో మూడింట రెండు వంతుల పరిమాణంతో, ప్రపంచంలోని ద్వీపాలన్నిటిలోకి పెద్దది గ్రీన్‌లాండే. అంతటి ద్వీపంలో నివసించేవారు దాదాపు 57,000 మంది. తెలుగు రాష్ట్రాలలోని ఒక చిన్న మున్సిపాలిటీ జనాభాకు సరితూగే ఈ కొద్దిమంది పదిహేడు పట్టణాలలో, యాభైకి పైబడిన పల్లెలలో, వేల కిలోమీటర్ల తీరం వెంట చెల్లాచెదురుగా జీవిస్తున్నారు. వారి పట్టణాలలో ఏ రెంటినీ కలిపే రోడ్డు లేదు, రైలు మార్గం అసలే లేదు.

రోడ్లు, రేవులు, విమానాశ్రయాలు, విద్యుత్తు, నీరు, తంతి తపాలా వంటివాటిని కలిపి మౌలిక వసతులు అంటారు. ఒక దేశంలో ఇవి అక్కడి ప్రజల అవసరాలను అనుసరించి ఏర్పడతాయని సాధారణంగా అనుకుంటారు. గ్రీన్‌లాండ్‌లో చాలాకాలం అలా జరగలేదు. అక్కడి పెద్ద విమానాశ్రయాలు ఎక్కడ ఉండాలో మొదట నిర్ణయించినది పరదేశపు సైన్యం. ప్రజలు ఏ ఊళ్ళలో ఉండాలో ఒక దశలో నిర్ణయించినది మూడు వేల కిలోమీటర్లకు పైగా దూరాన ఉన్న కోపెన్‌హేగెన్. ఆ నిర్ణయాలను మెల్లమెల్లగా తమ చేతుల్లోకి తీసుకునే ప్రయత్నమే ఇటీవలి గ్రీన్‌లాండ్ చరిత్ర, దాన్ని అర్థం చేసుకోవాలంటే ముందుగా ఆ నేలను తెలుసుకోవాలి.

ద్వీపంలో దాదాపు ఐదింట నాలుగు వంతులు మంచు కిందనే ఉంది. వేల సంవత్సరాలుగా కురిసిన హిమం పొర మీద పొరగా పేరుకొని, తన బరువుకు తానే నొక్కుకుపోయి, రాయిలా గట్టిపడి ఏర్పడిన ఈ విస్తారమైన మంచు పలకను హిమఫలకం అంటారు. మధ్యభాగంలో దీని మందం మూడు కిలోమీటర్లు దాటుతుంది. ఆ భారానికి కిందనున్న శిల అణగిపోయి, అనేక చోట్ల సముద్ర మట్టం కంటె దిగువకు చేరింది. ఈ మంచంతా కరిగితే ప్రపంచ సముద్రాల మట్టం సగటున ఏడు మీటర్లకు పైగా పెరుగుతుందని శాస్త్రజ్ఞుల అంచనా. హిమఫలకపు అంచుల నుంచి లోయల వెంట సముద్రం వైపు జారే మంచు ప్రవాహాలే హిమానీనదాలు. పూర్వపు హిమయుగాలలో ఇటువంటి ప్రవాహాలు రాతిని తొలిచిన లోతైన లోయలలోకి తరువాతి కాలంలో సముద్రం చొచ్చుకురాగా ఏర్పడిన పొడవైన, ఇరుకైన సముద్రపు పాయలను ఫియర్డులు అని పిలుస్తారు. మనుషులు నివసించడానికి మిగిలిన తీరపు పట్టీని ఈ ఫియర్డులు ముక్కలు ముక్కలుగా కోశాయి. ఒక పట్టణం నుంచి పక్క పట్టణానికి రోడ్డు వేయాలంటే నడుమనున్న ప్రతి ఫియర్డునూ దాని మొదలు దాకా వెళ్ళి చుట్టిరావాలి. ఆ మొదలులో చాలాచోట్ల హిమానీనదమే అడ్డుగా ఉంటుంది. ఇంత శ్రమకూ వ్యయానికీ ఓర్చి రోడ్డు వేసినా దానిమీద నడిచేవారు కొన్ని వందల మందే. నైరుతి తీరంలో ఇవిట్టూట్, కాంగిలింగుయిట్ అనే రెండు ఊళ్ళ నడుమ సుమారు ఐదు కిలోమీటర్ల రోడ్డు ఒకటి ఉన్నది గాని, అల్యూమినియం తయారీకి ఉపయోగపడే క్రయోలైట్ ఖనిజపు గని మూతపడటంతో ఇవిట్టూట్ నిర్మానుష్యమైంది.

కాబట్టి గ్రీన్‌లాండ్ వాసులకు సముద్రమే రాజమార్గం. అయితే ఆ మార్గం అన్ని తీరాలలోనూ ఒకే తీరుగా తెరచి ఉండదు. నైరుతి తీరాన్ని ఒరుసుకుంటూ సాగే సముద్ర ప్రవాహంలో అట్లాంటిక్ నుంచి వచ్చే వెచ్చని నీరు కలిసి ఉండటంవల్ల రాజధాని నూక్ మొదలుకొని ఆర్కిటిక్ వలయానికి కొద్దిగా ఎగువనున్న సిసిమియుట్ వరకు రేవులు చలికాలంలోనూ గడ్డకట్టవు. జనాభాలో అత్యధికులు పశ్చిమ తీరంలో ఉండటానికి ఇదే ముఖ్య కారణం. ఒక్క నూక్‌లోనే మొత్తం జనాభాలో సుమారు మూడో వంతు నివసిస్తున్నది. సిసిమియుట్ దాటి ఉత్తరానికి వెళ్ళేకొద్దీ సముద్రం నెలల తరబడి గడ్డకడుతుంది, కుక్కలు లాగే స్లెడ్జి బండ్లకు ఆ గడ్డే దారి అవుతుంది. తూర్పు తీరం పరిస్థితి మరింత కఠినమైనది. ఉత్తర ధ్రువ సముద్రం నుంచి దిగివచ్చే చల్లని ప్రవాహం మంచు దిమ్మెలను ఆ తీరానికి నెట్టుకొస్తుంది. అక్కడి ఇట్టొకోర్టూర్మిట్ అనే ఊరికి సరుకుల ఓడ చేరగలిగేది వేసవిలోని కొద్ది వారాలలోనే. పిండి, నూనె, మందులు, మర సామగ్రి, సంవత్సరానికి సరిపడా సమస్తం ఆ కొద్ది వారాలలోనే ఒడ్డుకు చేరాలి.

ఇటువంటి నేల మీద మనిషి మనుగడ సాగించడమే గొప్ప విద్య, ఆ విద్యను సంపూర్ణంగా సాధించినవారు ఇన్యూట్లు. నేటి గ్రీన్‌లాండ్ ప్రజలలో అత్యధికుల పూర్వీకులు సుమారు ఎనిమిది వందల సంవత్సరాల క్రితం అలాస్కా వైపు నుంచి, ఉత్తర కెనడా మీదుగా వలస వచ్చారు. సీలు చర్మంతో కుట్టిన కయాక్ పడవ, కుక్కల స్లెడ్జి, సముద్ర జంతువుల వేట, కొవ్వుతో వెలిగే రాతి దీపం ఆ నాగరికతకు ఆధారాలు. వారికి కొంత ముందే, 10వ శతాబ్దం చివర, ఐస్‌లాండ్ నుంచి ఎరిక్ ద రెడ్ నాయకత్వంలో వచ్చిన నార్స్ రైతులు దక్షిణ తీరంలో పశువులను పెంచుతూ సుమారు నాలుగు వందల సంవత్సరాలు జీవించారు. వారి గురించి లిఖితంగా దొరికే చివరి కబురు 1408లో వాల్సే చర్చిలో జరిగిన ఒక వివాహం. ఆ తరువాత వారి జాడ చరిత్రలో కనిపించదు. ఇన్యూట్లు నిలిచారు. 1721లో హాన్స్ ఎగెడే అనే మతబోధకుడి రాకతో డెన్మార్క్ వలస పాలన ఆరంభమైంది, రాచరికపు వర్తక సంస్థకు లభించిన గుత్తాధికారం 1950 వరకు సాగింది. ఆ కాలంలోనే 1851లో సామ్యూల్ క్లైన్‌ష్మిట్ గ్రీన్‌లాండ్ భాషకు వ్యాకరణం ప్రకటించాడు, 1861లో అటుయాగాగ్డ్లియుటిట్ అనే వార్తాపత్రిక ఆ భాషలోనే వెలువడసాగింది. జనసంఖ్య వేలల్లో ఉన్న ఒక జాతి 19వ శతాబ్ది మధ్యకాలానికే తన భాషలో పత్రిక చదువుకోగలగడం విశేషమైన సంగతి. ఈ అక్షరాస్యతే తరువాతి రాజకీయ చైతన్యానికి పునాది అయిందని చెప్పడం సమంజసం. పశ్చిమ తీరంలో మాట్లాడే కలాల్లిసుట్‌కు 2009లో ఏకైక అధికార భాష స్థాయి లభించింది; తూర్పు తీరంలోనూ, ఉత్తరపు కొసనూ మాట్లాడే మాటతీరులు దానికి ఎంతో భిన్నమైనవి. ఊళ్ళ మధ్య దూరం మాటల మధ్య దూరంగానూ పెరిగింది.

1940 ఏప్రిల్ 9న జర్మనీ డెన్మార్క్‌ను ఆక్రమించింది. సరిగ్గా ఏడాదికి, వాషింగ్టన్‌లోని డెన్మార్క్ రాయబారి హెన్రిక్ కౌఫ్‌మన్, ఆక్రమణలో ఉన్న స్వదేశ ప్రభుత్వపు అనుమతి లేకుండానే, గ్రీన్‌లాండ్‌లో సైనిక స్థావరాలు నిర్మించుకునే హక్కును అమెరికాకు ఇస్తూ ఒప్పందం మీద సంతకం చేశాడు. అమెరికాలో తయారైన యుద్ధ విమానాలు ఐరోపాకు ఎగిరి వెళ్ళే దారిలో ఇంధనం నింపుకోవడానికి మజిలీలు కావలసి వచ్చాయి. దక్షిణాన నార్సార్సువాక్ వద్ద, పశ్చిమాన కాంగెర్లుసువాక్ వద్ద పొడవైన రన్‌వేలు సిద్ధమయ్యాయి. ఈ రెండవ స్థలం ఎంపికలోనే తరువాతి ఎనభై సంవత్సరాల కథ ఇమిడి ఉన్నది. కాంగెర్లుసువాక్ సముద్రపు పొగమంచు చేరలేనంత లోపల, సుమారు 170 కిలోమీటర్ల పొడవైన ఫియర్డు మొదలులో ఉన్నది. ఆకాశం చాలా రోజులు నిర్మలంగా ఉంటుంది, నేల చదునుగా ఉంటుంది, విమానానికి అంతకంటె అనువైన చోటు ఆ తీరంలో లేదు. కాని అక్కడ ఊరు లేదు. వేటకు వచ్చిపోయేవారే తప్ప స్థిరంగా నివసించినవారు లేరు.

యుద్ధం ముగిసినా ఆ రన్‌వే మిగిలింది. 1954లో స్కాండినేవియన్ ఎయిర్‌లైన్స్ కోపెన్‌హేగెన్ నుంచి ధ్రువ ప్రాంతం మీదుగా లాస్ ఏంజిలిస్‌కు విమానాలు ప్రారంభించినప్పుడు కాంగెర్లుసువాక్ మజిలీ అయింది. క్రమంగా దేశానికంతటికీ అదే ముఖద్వారమైంది. డెన్మార్క్ నుంచి వచ్చే పెద్ద విమానం అక్కడ దిగేది, ప్రయాణికులు చిన్న విమానాలలోకో హెలికాప్టర్లలోకో మారి తమ ఊళ్ళకు చేరేవారు, వాతావరణం అనుకూలించకపోతే రోజుల తరబడి అక్కడే నిలిచిపోయేవారు. రాజధానిలో పుట్టి కోపెన్‌హేగెన్‌లో చదివే విద్యార్థి అయినా, శస్త్రచికిత్స కోసం అక్కడి ఆసుపత్రికి తరలే రోగి అయినా, నూక్‌కు ఉత్తరాన సుమారు 300 కిలోమీటర్ల దూరంలో ఉన్న ఆ పూర్వపు సైనిక స్థావరం గుండా పోవలసిందే. ఇతర తీరాలలోనూ ఇదే వరస. తూర్పున కులుసుక్ విమానాశ్రయం 1950లలో సోవియట్ విమానాలను కనిపెట్టే అమెరికన్ రాడార్ కేంద్రం కోసం ఏర్పడినది. ఇట్టొకోర్టూర్మిట్‌కు చేరువలోని నెర్లెరిట్ ఇనాట్ రన్‌వే 1980లలో ఒక చమురు కంపెనీ తన అన్వేషణ కోసం వేసుకున్నది. చమురు దొరకలేదు, కంపెనీ వెళ్ళిపోయింది, ఊరివారు మాత్రం ఆ రన్‌వే దాకా హెలికాప్టర్‌లో వెళ్ళి విమానం ఎక్కుతున్నారు.

అన్నిటికంటె బాధాకరమైనది వాయవ్య కొసన జరిగిన ఉదంతం. డెన్మార్క్‌తో 1951లో కుదిరిన ఒప్పందం ప్రకారం అమెరికా తూలే వద్ద బ్రహ్మాండమైన వైమానిక స్థావరం నిర్మించింది. 1953లో ఆ స్థావరపు విస్తరణ కోసం అక్కడి ఇనుగ్వుయిట్ వేటగాళ్ళ కుటుంబాలను వారి పల్లెనుంచి కదిలించి, నూరు కిలోమీటర్లకు పైగా ఉత్తరాన ఉన్న ఖానాక్‌కు పంపివేశారు. వారు తమ ఇష్టంతోనే వెళ్ళారన్న వాదాన్ని డెన్మార్క్ న్యాయస్థానం 1999లో తోసిపుచ్చి నష్టపరిహారం విధించగా, ప్రధానమంత్రి పోల్ నైరుప్ రాస్ముసెన్ క్షమాపణ చెప్పాడు. అయినా పాత వేట భూములకు తిరిగి వెళ్ళే హక్కు వారికి దక్కలేదు. 1968 జనవరి 21న నాలుగు హైడ్రోజన్ బాంబులతో ఎగురుతున్న అమెరికన్ బి-52 విమానం ఆ స్థావరం సమీపంలో సముద్రపు మంచు మీద కూలి, రేడియోధార్మిక పదార్థం వెదజల్లబడింది. 2023 నుంచి పిటుఫిక్ అనే స్థానిక నామంతో వ్యవహరిస్తున్న ఆ స్థావరం ఇప్పటికీ అమెరికా చేతిలోనే ఉన్నది. 1946లో పది కోట్ల డాలర్ల విలువైన బంగారానికి ఈ ద్వీపాన్ని కొంటామని అమెరికా ప్రతిపాదించిందని, 2019 తరువాత ఆ మాట మళ్ళీ వినవచ్చిందని తెలిసినవారికి, స్థలం విలువను లెక్కకట్టినవారు అక్కడి మనుషులను ఎంత తక్కువగా తలచుకున్నారో వేరుగా చెప్పవలసిన పనిలేదు.

డెన్మార్క్ ఉద్దేశాలు కొంత వేరు, కొంత ఉదారమైనవి కూడా. 1953లో వలస హోదా రద్దై గ్రీన్‌లాండ్ డెన్మార్క్ రాజ్యంలో ఒక జిల్లా వంటి భాగమైంది. ఆనాడు ప్రబలంగా ఉన్న క్షయవ్యాధిని అదుపు చేయడం, ఆసుపత్రులు, బడులు, ఇళ్ళు కట్టడం నిజంగా జరిగాయి. అయితే వైద్యాన్నీ విద్యనూ చిన్నచిన్న పల్లెలకు చేర్చడం ఖర్చుతో కూడిన పని గనుక, ప్రజలనే పెద్ద పట్టణాలకు చేర్చాలన్న ఆలోచన 1960లలో విధానంగా మారింది. డిస్కో ద్వీపంలోని కుల్లిస్సాట్ అనే బొగ్గు గని పట్టణం 1972లో మూతపడి, అక్కడివారు పలు ఊళ్ళకు చెదిరిపోయారు. నూక్‌లో బ్లాక్ పీ అనే ఒక్క పొడవాటి అయిదంతస్తుల భవనంలో దేశ జనాభాలో సుమారు నూటికి ఒక వంతు నివసించిన కాలం ఉన్నది. దళసరి చలి దుస్తులతో, వలలతో, వేట సామగ్రితో ఇంటికి వచ్చే మనిషికి ఆ ఇరుకు ద్వారాలు, ఆ చిన్న అలమారలు ఏమాత్రం సరిపోలేదు. తెచ్చిన సీలును కోయడానికి స్నానపు తొట్టె తప్ప వేరే చోటు లేదు. 2012లో ఆ భవనాన్ని కూల్చివేశారు. ఇల్లు కట్టేముందు అందులో ఉండబోయేవారిని అడగకపోవడంవల్ల వచ్చిన చేటుకు ఇంతకంటె స్పష్టమైన ఉదాహరణ అరుదు.

1979 మే 1న గ్రీన్‌లాండ్‌కు హోమ్ రూల్, అనగా ఆంతరంగిక వ్యవహారాలలో స్వపాలన లభించింది. తమ చేపల జలాల మీద అధికారం కోసం ప్రజలు 1982లో ఓటు వేసి, 1985లో ఐరోపా ఆర్థిక సమాజం నుంచి వైదొలగారు; ఎగుమతుల ఆదాయంలో నూటికి తొంభై వంతులు రొయ్యలు, చేపల మీదనే ఆధారపడిన దేశానికి అది ప్రాణసమానమైన నిర్ణయం. 2009 జూన్ 21న అమలులోకి వచ్చిన స్వపాలనా చట్టం భూగర్భ వనరులను గ్రీన్‌లాండ్ పరం చేసి, ప్రజాభిప్రాయ సేకరణ ద్వారా స్వతంత్ర దేశమయ్యే హక్కును కూడా గుర్తించింది. అయితే ప్రభుత్వ ఆదాయంలో ఇంచుమించు సగం నేటికీ డెన్మార్క్ ఇచ్చే వార్షిక గ్రాంటు నుంచే సమకూరుతున్నది. భూమి విషయంలో పూర్వపు సంప్రదాయం చెక్కుచెదరలేదు: అక్కడ ఎవరూ నేలను సొంతం చేసుకోలేరు, ఇల్లు సొంతమైనా దాని కింది నేల మీద వాడుక హక్కు మాత్రమే ఉంటుంది.

స్వపాలన తరువాత జరిగిన నిర్మాణాలలో విద్యుత్తుది ప్రత్యేక స్థానం. ఊళ్ళను తీగలతో కలపడం సాధ్యం కానందువల్ల ప్రతి ఊరికీ తన విద్యుత్కేంద్రం తనకే ఉండాలి. చిన్న పల్లెలలో డీజిల్ ఇంజన్లే ఆధారం. నూక్ కోసం 1993లో బుక్సెఫియర్డ్ జలవిద్యుత్కేంద్రాన్ని నిర్మించినప్పుడు విద్యుత్తు లైను ఆమెరాలిక్ అనే ఫియర్డును దాటవలసి వచ్చింది. లోతైన నీటిలో స్తంభాలు నిలపడం అసాధ్యం గనుక ఇరువైపుల కొండల మీదనుంచి 5,376 మీటర్ల దూరం నడుమ ఏ ఆధారమూ లేకుండా తీగలను లాగారు. రెండు స్తంభాల నడుమ ఇంత దూరం వేలాడే విద్యుత్తు లైను ప్రపంచంలో మరొకటి లేదు. తరువాత మరి నాలుగు జలవిద్యుత్కేంద్రాలు తోడై, నేడు ప్రజలకు సరఫరా అయ్యే విద్యుత్తులో అధిక భాగం నీటి నుంచే వస్తున్నది. నీటి గొట్టాలను పాతిపెట్టడానికి మట్టి లేదు, ఉన్నదంతా రాయి, లేదా ఏడాది పొడవునా గడ్డకట్టి ఉండే నేల. అందుచేత పట్టణాలలో గొట్టాలు వెచ్చదనం పోకుండా చుట్టిన తొడుగులతో నేలకు పైనే సాగుతాయి. ఐస్‌లాండ్‌తోనూ కెనడాతోనూ కలిపే సముద్రగర్భ కేబుల్ 2009లో పని ప్రారంభించింది గాని, ఉత్తర, తూర్పు తీరాలవారు ఉపగ్రహాల మీదనే ఆధారపడుతున్నారు.

2024 నవంబర్ 28న నూక్‌లో 2,200 మీటర్ల కొత్త రన్‌వే ప్రారంభమైంది. అంతకుముందు అక్కడ ఉన్నది వేయి మీటర్లకు లోపు పొడవైన, చిన్న విమానాలకే పనికివచ్చే రన్‌వే. కోపెన్‌హేగెన్ నుంచి పెద్ద విమానం నేరుగా రాజధానిలో దిగడం అదే మొదలు. 2025 జూన్‌లో న్యూయార్క్ సమీపంలోని న్యూవార్క్ నుంచి కూడా విమానాలు వచ్చాయి. ఉత్తరాన ఇలులిస్సాట్‌లో అంతే పొడవైన రన్‌వేను, దక్షిణాన ఖాకోర్టోక్‌లో కొంత చిన్న రన్‌వేను నిర్మించే పని కూడా చేపట్టారు. దేశపు ప్రధాన ద్వారం జనం ఉన్నచోటే ఉండాలని గ్రీన్‌లాండ్ పార్లమెంటు తానుగా తీసుకున్న నిర్ణయం ఇది, దాని విలువను కిలోమీటర్లలో కొలవడం సరికాదు. అయినా పరదేశాల నీడ పూర్తిగా తొలగలేదు. నిర్మాణానికి ఒక చైనా ప్రభుత్వ సంస్థ ముందుకు రావడంతో కలవరపడిన డెన్మార్క్ 2018లో నూక్, ఇలులిస్సాట్ విమానాశ్రయాల కంపెనీలో మూడో వంతు వాటా తీసుకున్నది. అందుకు నిరసనగా గ్రీన్‌లాండ్ సంకీర్ణ ప్రభుత్వం నుంచి ఒక పార్టీ వైదొలగింది. పైగా నూక్ సముద్రతీరాన ఉన్నందువల్ల పొగమంచు, ఈదురుగాలులు, హిమపాతం విమానాలను తరచు ఆటంకపరుస్తాయి. సైనికులు ఎంచుకున్న చోట ఆకాశం నిర్మలంగా ఉంటుంది, ప్రజలు ఎంచుకున్న చోట ప్రజలు ఉంటారు. ఈ రెంటిలో రెండవదాన్ని ఎన్నుకోవడం సబబైన పనే.

నేల సైతం కదులుతున్న కాలంలో ఈ నిర్మాణాలు సాగుతున్నాయి. మంచు భారం తగ్గేకొద్దీ కింది శిల మెల్లగా పైకి లేస్తుంది, మంచు తనవైపు ఆకర్షించి ఉంచిన సముద్రజలం కూడా వెనక్కు తగ్గుతుంది. కనుక గ్రీన్‌లాండ్ మంచు కరిగి దూరదేశాల తీరాలను ముంచుతుంటే, గ్రీన్‌లాండ్ చుట్టూ సముద్ర మట్టం తగ్గుతుంది, రేవులలో లోతు తగ్గిపోయే ప్రమాదం ఏర్పడుతుంది. ఆలంబనగా ఉన్న మంచు తొలగిన కొండవాలులు కూలడం మరొక ఆపద: 2017 జూన్‌లో కర్రాట్ ఫియర్డులో కొండచరియ విరిగిపడి లేచిన అలలు నూగాట్సియాక్ పల్లెను తాకి నలుగురిని బలిగొన్నాయి, ఆ పల్లెను ఖాళీ చేయవలసి వచ్చింది. 2023 సెప్టెంబర్‌లో తూర్పున నిర్మానుష్యమైన డిక్సన్ ఫియర్డులో జరిగిన ఇటువంటి పతనంతో నీరు అటూ ఇటూ ఊగిసలాడి, దాని ప్రకంపనలు తొమ్మిది రోజులపాటు ప్రపంచమంతటా భూకంప లేఖినులలో నమోదయ్యాయి.

రాజధానికి పెద్ద విమానాలు రావడంతో కాంగెర్లుసువాక్ ప్రయాణికులను కోల్పోయింది. విమానాశ్రయం కోసమే ఏర్పడి, అందులో పనిచేసే కుటుంబాలతో సుమారు 500 జనాభాకు పెరిగిన ఆ ఊరు ఇప్పుడు సైనిక విమానాలు, హిమఫలకం మీదికి వెళ్ళే పరిశోధకులు, పర్యాటకుల మీద ఆధారపడవలసి వస్తున్నది. అక్కడినుంచి సిసిమియుట్‌కు, సుమారు 130 కిలోమీటర్ల దూరం, నాలుగు చక్రాల తేలిక బండ్లు పోగలిగే ఒక మట్టిదారిని ఇటీవల తీశారు. దానిని అన్ని వాహనాలూ తిరిగే రోడ్డుగా పూర్తిచేయాలా అన్నది నూక్‌లోని పార్లమెంటులో చాలాకాలంగా సాగుతున్న చర్చ. పూర్తయితే గ్రీన్‌లాండ్‌లో ఒక పట్టణాన్ని మరొక జనావాసంతో కలిపే తొలి పెద్ద రోడ్డు అదే అవుతుంది.